మోటారుకారులో పాటల పెట్టె: తెలియని తీగలను గుర్తించు విధము
(రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాస పాఠము)



రజతోత్సవ సభలలో కావ్యములను గూర్చియు, గ్రంథాలయోద్యమమును గూర్చియు ప్రసంగించుట పరిపాటి. మోటారుకారులో స్టీరియో బిగించు విషయము ఇట్టి వేదికకు తగునా యను శంక పెద్దలకు కలుగవచ్చును. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయము వెలసిన నాటి నుండియు ఈ ప్రాంతపు గ్రంథాలయములు తెలియని దానిని తెలిసికొనగోరు వారి కొరకే యున్నవి. తెలియగోరునది నన్నయ పద్యమైనను, డ్యాష్‌బోర్డు వెనుక వ్రేలాడు తీగయైనను, అడుగవచ్చిన వానిని వట్టి చేతులతో పంపుట గ్రంథాలయమునకు శోభ కాదు. అందునను తీగను గూర్చి అడుగవచ్చిన వాడు వట్టి చేతులతో పోయినచో, ఇంటికి పోయి ఆ చేతులనే తీగలపై ప్రయోగించును. దాని ఫలమేమో ఒక ఉదాహరణము వలన తెలియును.

మోత్కూరులో ఒక యువకుడు అప్పు తెచ్చి, ఇతరులు వాడి విడిచిన కారు నొకదానిని కొని, కిరాయికి త్రిప్పుచుండెను. భువనగిరి ఆసుపత్రికి రోగులను, యాదగిరిగుట్టకు యాత్రికులను, పెండ్లిండ్లకు పెండ్లివారిని చేర్చుట అతని వృత్తి. కారులో పాట లేనిదే పెండ్లివారు ఎక్కరు. పూర్వపు యజమాని కారు నమ్మునపుడు తన స్టీరియోను విప్పుకొని పోయెను. విప్పుటయైనను సరిగా విప్పలేదు. కప్లరు నొక్కి ఊడదీయు ఓపిక లేక, తీగల నన్నింటిని శ్రావణముతో ఒక్కమారుగా కత్తిరించెను. ఆ రంధ్రములో మిగిలినవి పదునాలుగు తీగలు. ఏది బ్యాటరీ నుండి వచ్చునదో, ఏది స్పీకరునకు పోవునదో చెప్పు గుర్తు ఒక్కటియు లేదు.

యువకుడు చౌకలో ఒక క్రొత్త సెట్టు కొనెను. ఇండ్లకు వైరింగు చేయు పరిచయస్థు డొకడు సాయము వచ్చెను. అతడు తన పనిలో నేర్పరియే. నేర్పరి యగుటయే చిక్కు తెచ్చినది. ఇండ్లలో ఆకుపచ్చ తీగ ఎర్తు. ఆ సంగతి అతనికి ఇరువదేండ్ల అనుభవము వలన ఎముకలలో ఇంకి యుండెను. క్రొత్త సెట్టు వెనుక నుండి వచ్చిన ఆకుపచ్చ తీగను చూచినంతనే దానిని తెచ్చి కారు ఇనుప చట్రమునకు బిగించెను. ఎరుపును, పసుపును రెండింటిని కలిపి, కరెంటు కనబడిన ఒకే తీగకు చుట్టెను. మిగిలిన వానిలో తోచిన వానిని తోచిన వానికి కలిపెను. సెట్టు వెలిగినది, పాట నాలుగు నిమిషములు వినబడినది, కమురు వాసన వచ్చినది, పాట ఆగినది. సెట్టు చెడినదని తలచి యువకుడు తలుపు వేసికొని ఇంటికి పోయెను.

ఆ రాత్రి తెల్లవారుజామున, ప్రసవవేదన పడుచున్న ఒక ఆడుబిడ్డను భువనగిరికి తీసికొని పోవలెనని పిలుపు వచ్చెను. తాళము త్రిప్పగా స్టార్టరు 'టక్కు'మని ఊరకుండెను. పాట ఆగినను సెట్టు లోపల కరెంటు త్రాగుచునే యున్నదని, పాత బ్యాటరీని రాత్రికి రాత్రి హరించినదని అప్పు డెవరికి తెలియును? వాడకట్టు వారు నలుగురు వచ్చి బండిని త్రోసిరి. రెండవ గేరులో కుదుపు కుదుపుగా అది మేల్కొనెను. తల్లియు బిడ్డయు క్షేమముగా ఇల్లు చేరిరి గాని, ఆ త్రోసిన క్షణములలో యువకునకు పట్టిన చెమట అంత తొందరగా ఆరినది కాదు. మరునాడే అతడు బస్టాండు దగ్గర పనిచేయు వృద్ధుడైన ఆటో ఎలక్ట్రీషియను కడకు బండిని కొనిపోయెను.

"కాకా, పచ్చ తీగ ఎర్తు కాదా?" అని యువకు డడిగెను.

"ఇంట్ల ఎర్తే. బండిల కాదు బిడ్డా. ఈ సెట్టుకు అది వెనుక ఎడమ స్పీకరు" అని వృద్ధుడు చెప్పెను.

ఈ రెండు మాటలలోనే విషయమంతయు ఇమిడి యున్నది. బజారులో విడిగా అమ్ము స్టీరియోలకు చాలవరకు ఒక రంగుల ఒప్పందము కలదు. పసుపు తీగ నిరంతరము బ్యాటరీతో సంబంధము కలిగి, గడియారమును, వెదకి పెట్టుకొన్న స్టేషనులను జ్ఞాపకముంచుటకు ఉపయోగపడును. ఎరుపు తాళము త్రిప్పినపుడు మాత్రమే కరెంటు వచ్చు తీగకు చెందినది. నలుపు ఎర్తు. నీలము యాంటెన్నాకు, నీలముపై తెల్లచార గలది విడి ఆంప్లిఫయరును మేల్కొల్పుటకు. నారింజ రంగుది దీపములు వెలిగించినపుడు సెట్టు వెలుతురును మార్చుటకు. తెలుపు ముందు ఎడమ స్పీకరు, బూడిదరంగు ముందు కుడి, ఆకుపచ్చ వెనుక ఎడమ, ఊదా వెనుక కుడి. ప్రతి జంటలోను నల్లచార గల తీగ ఋణము, చార లేనిది ధనము. ఇది సెట్టు వైపు సంగతి. సెట్టు పెట్టెలో వచ్చు కాగితముపై ఈ రంగులు అచ్చువేయబడియే యుండును. ఆ కాగితమును మొదట చదువక, పని చెడిన పిమ్మట వెదకు ఆచారము మాత్రము ఎల్లెడల నున్నది.

కారు వైపు తీగల సంగతి వేరు. ఒక్కొక్క తయారీదారునిది ఒక్కొక్క సంప్రదాయము. ఉదాహరణమునకు గోధుమరంగు తీగను తీసికొనుడు. జర్మను కార్లలో గోధుమరంగు ఎర్తు. ఇంగ్లండులో లూకాస్ సంస్థ వ్యాప్తిలోనికి తెచ్చిన పద్ధతిలో అదే గోధుమరంగు బ్యాటరీ నుండి ఫ్యూజు కూడ లేకుండ నేరుగా వచ్చు ధన తీగ. ఒకచోట నేల, మరియొకచోట నిప్పు. ఆ ఇంగ్లీషు పద్ధతిలో ఎరుపు బ్యాటరీ తీగ కానే కాదు, ప్రక్కదీపములది. ఇక ఫ్యూజుల రంగులు మరొక భాష: అచట ఎరుపనగా 10 ఆంపియర్లు, నీలమనగా 15, పసుపనగా 20. ఒకే రంగు నాలుగు నోళ్లలో నాలుగు అర్థములు పలుకుచుండగా, దానిని నమ్మి తీగలు ముడివేయుట ఎట్టి సాహసమో ఊహింపవచ్చును.

పొలముల వ్యవహారము తెలిసిన వారికి ఇది క్రొత్త కాదు. దస్తావేజులో సర్వే నంబరు వ్రాసి యుండును, పహాణీలో పేరు వ్రాసి యుండును. అయినను కొనువాడు బుద్ధిమంతుడైనచో గట్టు మీదికి పోయి, నాలుగు హద్దులు చూచి, హద్దురాయిని చేతితో తాకి గాని బయానా ఇయ్యడు. తీగ రంగు పహాణీలోని పేరు వంటిది. కబ్జాలో ఎవరున్నారో చూడవలసినదే.

మహాభారతమున నలోపాఖ్యానము వినని తెలుగువాడుండడు. దానినే శ్రీహర్షుడు సంస్కృతమున నైషధముగా విస్తరింపగా, శ్రీనాథుడు శృంగార నైషధముగా తెనిగించెను. దమయంతి స్వయంవర మండపమున ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు నలుగురును నలుని రూపము ధరించి కూర్చుండిరి. ఐదుగురు నలులు, ఒకే అందము, ఒకే వేషము. నైషధమున సరస్వతీదేవి వచ్చి ఒక్కొక్కరిని వర్ణించును గాని, ఆ వర్ణనము దేవతకును నలునకును రెండింటికిని సరిపోవునట్లు శ్లేషతో సాగును. కన్య సందేహము తీరదు. రంగు అట్టి శ్లేష వంటిది. దమయంతి తుదకు రూపమును విడిచి లక్షణములను చూచెను. దేవతలకు చెమట పట్టదు, రెప్ప పడదు, పూలమాల వాడదు, నీడ యుండదు, పాదములు నేలను తాకవు. నేలపై పాదము మోపి, నీడ పడి, రెప్ప పాటు గల వాడొక్కడే నలుడు. డ్యాష్‌బోర్డు వెనుక పదునాలుగు తీగల ముందు కూర్చున్న వాడు చేయవలసినదియు అదియే. నేలను తాకున దేది, తాళముతో మేల్కొను దేది, రెప్ప వేయని దేది అని లక్షణములను పరీక్షింపవలెను. పరీక్షించుటకు దమయంతి కడ భక్తి యుండెను. వృద్ధుని కడ మల్టీమీటరు ఉండెను.

వృద్ధుడు తొలుత చేసిన పని బ్యాటరీ ఋణపు కొనను విప్పుట. పిమ్మటనే తీగల కొనలను ఒక్కొక్కటిగా అరంగుళము మేర ఒలిచి, ఒకదాని నొకటి తాకకుండ విసనకర్ర వలె విప్పి, ప్రతి దానికి కాగితపు ముక్క నంటించి 1 నుండి 14 వరకు అంకెలు వేసెను. యువకునకు ఈ అంకెల పని కాలహరణముగా తోచినది. కాని పేరు తెలియని వానికి కనీసము అంకెయైన లేనిచో, చూచిన దానినే మరల చూచుచు సాయంకాలము చేయవలసి వచ్చును. పిదప బ్యాటరీని మరల తగిలించి, మీటరును డీసీ 20 వోల్టుల స్థానమున నిలిపి, నల్ల ముల్లును రంగు గీకి మెరుగుపరచిన ఇనుముపై ఆనించెను. రంగుపై ఆనించిన ముల్లు అన్నింటిని సున్న యని చెప్పును. ఎందరో ఇచ్చటనే మోసపోవుదురు. అందువలన అతడు మొట్టమొదట ఎర్ర ముల్లును బ్యాటరీ ధనపు కొనకే తాకించి చూచెను. మీటరు 12.4 చూపెను. మీటరును నమ్మవచ్చునని, ఇనుమును నమ్మవచ్చునని తేలిన పిమ్మటనే తీగల కడకు వచ్చెను.

తాళము తీసియుంచగా 12 వోల్టులకు పైగా చూపిన తీగ ఒక్కటే, 6వ అంకెది. ఎన్నడును రెప్ప వేయనిది అది. దానికి సెట్టు పసుపు తీగ. తాళమును మొదటి మెట్టుకు త్రిప్పగా 9వది 12 వోల్టులు చూపెను. తాళము తీయగా సున్నకు దిగెను. దానికి ఎరుపు. ఈ రెండింటిని తారుమారు చేసినచో, తాళము తీసిన ప్రతిసారి సెట్టు తన గడియారమును, స్టేషనులను మరచిపోవును. రెండింటిని 6వ దానికే కలిపిన ఫలమును ఆ తెల్లవారుజామున వాడకట్టంతయు చూచినది. తాళము తీసినచో సెట్టు నిద్రించునను మాటయే లేక, ఎవరో మీట నొక్కి ఆర్పువరకు అది మేలుకొనియే యుండును. పిమ్మట ప్రక్కదీపములు వెలిగింపగా 3వ తీగ మేల్కొనెను, ఆర్పగా నిద్రించెను. అది నారింజ రంగు దానికి.

మిగిలిన పదునొకటియు సున్నయే. అందులో ఎర్తు ఏది? లెక్కలు వ్రాయువారికి సున్నలో రెండు జాతులున్నవని తెలియును. జమయు ఖర్చును సమానమై వచ్చిన సున్న వేరు, ఏమియు వ్రాయక విడిచిన గడి వేరు. వోల్టుల కొలతలో రెండును ఒకే తీరుగా కనబడును. కావున వృద్ధుడు బ్యాటరీ ఋణపు కొనను మరల విప్పి, మీటరును ఓముల స్థానమునకు త్రిప్పి, తీగకును చట్రమునకును మధ్య నిరోధమును చూచెను. 11వ తీగ దాదాపు సున్న ఓము చూపెను. అది నిజముగా నేలపై పాదము మోపిన తీగ.

ఇచ్చట ఒక మోసము కలదు. దీపముల తీగను గాని, తాళపు తీగను గాని కరెంటు లేనపుడు ఓములతో కొలిచినచో, అవియు కొద్ది ఓములు మాత్రమే చూపి ఎర్తు వలె నటింపవచ్చును. ఏలయన ఆ తీగ దీపపు తంతువు గుండ పోయి తుదకు చట్రమునే చేరును. తొందరపడి అట్టి దానికి నల్ల తీగను కలిపిన వాని కారులో, పగలెల్ల పాట బాగుగనే వినబడి, రాత్రి దీపములు వేసినంతనే ఫ్యూజు పోవును. అందుచేతనే వోల్టుల పరీక్ష ముందు, ఓముల పరీక్ష తరువాత. ముందు మేల్కొను వానినన్నిటిని ఏరివేసిన పిమ్మటనే నిద్రించు వానిలో వెదకవలెను. మరియొక జాగ్రత్త: ఎర్తు తీగ లోపల ఒక్క పోగు మాత్రమే మిగిలి యున్నను మీటరు సున్న ఓము చూపును, కాని శబ్దము హెచ్చించినపుడు ఆ ఒక్క పోగు భారమును మోయలేదు. బ్యాటరీ ధనమునకును ఆ తీగకును నడుమ ఒక చిన్న బల్బును పెట్టి అది నిండుగా వెలుగునా అని వృద్ధుడు చూచుట ఇందులకే. ఈ బల్బు పరీక్ష ఎర్తు అని నిశ్చయమైన తీగకు మాత్రమే. తెలియని తీగలకు బల్బును తాకించుట ఇప్పటి కార్లలో ప్రమాదము. బల్బు మీటరు వలె ఊరక చూచి పోదు, కరెంటును లాగును, సున్నితములైన యంత్రాంగములు దానికి తాళలేవు.

ఇక పది తీగలు. వీనిలో స్పీకరు జంటలను గుర్తించుట పెండ్లిలో వియ్యాలవారిని గుర్తించుట వంటిది. ఒకరికొకరు తగిలినపుడే చుట్టరికము తెలియును. స్పీకరు తీగ రెండు కొనల నడుమ 3 నుండి 4 ఓముల వరకు నిరోధముండును. 4 ఓముల స్పీకరని పైన వ్రాసియున్నను, మీటరు దానికంటె కొంచెము తక్కువే చూపుట సహజము. చట్రముతో చూచినపుడు అంతులేని నిరోధము చూపవలెను. అట్లు కానిచో ఆ తీగ ఎక్కడనో ఒరసికొని చట్రమును తాకుచున్నదని యర్థము. ఒక తీగను పట్టుకొని మిగిలిన వానితో ఒక్కొక్కటిగా జతచూడగా నాలుగు జంటలు తేలినవి.

ఏ జంట ఏ తలుపుదో తెలియుటకు గోడగడియారములో వేయు 1.5 వోల్టుల చిన్న సెల్లు చాలును. దాని రెండు కొనలను జంటకు తాకించి తీయగా ఆ స్పీకరు 'గరక్' మని పలుకును. యువకుడు వెనుక సీటులో చెవి యొగ్గి కూర్చుండి "ఎడమ", "కుడి" అని కేక వేయుచుండగా పని వేగముగా సాగెను. ధన ఋణములను కూడ ఈ సెల్లే చెప్పును. సెల్లు ధనపు కొన స్పీకరు ధనమునకు తగిలినపుడు శంకువు బయటికి ఉబుకును, తారుమారైనచో లోనికి ముడుచుకొనును. వల తీసి వ్రేలు మెల్లగా ఆనించినచో తెలియును. ఒక స్పీకరు ఉబుకునపుడు మరియొకటి ముడుచుకొనినచో, రెండింటి గాలి ఒకదాని నొకటి మ్రింగి, మృదంగము, డప్పు వంటి గంభీర నాదములు మాయమగును. పాటగాని గొంతు వినబడుచునే యుండును గనుక, చాలమంది ఈ లోపమును ఏండ్ల తరబడి సహించి, స్పీకర్లు చౌకవని నిందింతురు. మిక్కిలి చిన్నవైన కీచు స్పీకర్లకు ముందు కెపాసిటరు ఉండుటచే మీటరు వానికి ఏ సంఖ్యయు చూపదు. అట్టివి విడిగా చూచుకొనవలసినవి.

ఆకుపచ్చ తీగ సంగతి మరల చెప్పవలసి యున్నది. ఇప్పటి సెట్లలో స్పీకరు ఋణపు తీగ ఎర్తు కాదు. సెట్టు పలుకునపుడు చట్రముతో కొలిచినచో స్పీకరు రెండు తీగలును బ్యాటరీలో ఇంచుమించు సగము, అనగా 6 వోల్టుల చుట్టుప్రక్కల చూపును. ఒకటి పైకి పోవునపుడు మరియొకటి క్రిందికి వచ్చుచు ఇద్దరు ఏతమెక్కినట్లు పనిచేయును. అందులో దేనిని చట్రమునకు కట్టినను, ఏతపు ఒక కొనను రాతికి కట్టివేసినట్లే. మంచి సెట్టు తన్ను తాను కాపాడుకొని ఆగిపోవును. చౌక సెట్టు కాలిపోవును. యువకుని సెట్టు రెండవ జాతిది. పూర్వము కొన్ని పాత బండ్లలో నాలుగు స్పీకర్లకు ఒకే ఋణపు తీగను చట్రము ద్వారా ఇచ్చిన మాట నిజమే. అట్టి బండిలో క్రొత్త సెట్టు పెట్టదలచినచో స్పీకర్లకు క్రొత్త తీగలు లాగుట మేలు.

జంటలు పోగా రెండు తీగలు మిగిలినవి. వానిలో 14వది యాంటెన్నా కేబులును ఆనుకొని పైకప్పు వైపు పోవుచుండెను. యాంటెన్నా మొదటిని విప్పి, అచ్చటి కొనకును ఇచ్చటి కొనకును నడుమ మీటరు కూయుట విని, అది యాంటెన్నా శక్తి తీగయని నిశ్చయించిరి. తీగ లాగిన డొంకంతయు కదలునను సామెత ఈ పనిలో అక్షరాల నిజము. రెండవ కొన కనబడు తీగను వెంబడించుట కంటె నమ్మదగిన పరీక్ష లేదు.

ఈ పద్ధతి యువకుని కారునకు చెల్లినది. అన్నింటికి చెల్లదు. మన దేశమున 2019 జూలై 1 నుండి కార్లలో డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి యైనది. ఎయిర్‌బ్యాగు తీగలు సాధారణముగా పసుపు తొడుగులోనో, పసుపు కప్లరుతోనో వచ్చును. స్టీరియో పసుపునకును దీనికిని ఏ బంధుత్వమును లేదు. అట్టి తీగలపై మీటరు ఓముల పరీక్షను గాని, సెల్లును గాని ప్రయోగింపరాదు. ఎయిర్‌బ్యాగును పేల్చుటకు స్వల్పమైన కరెంటు చాలును, పేలినది ముఖము మీదనే పేలును. డ్యాష్‌బోర్డు విప్పుటకు ముందు బ్యాటరీ విప్పి కొన్ని నిమిషములు ఆగుట కూడ ఇందులకే. సెల్లు పరీక్ష మరి యే తీగకు చేయదలచినను, అది స్పీకరు జంట యని ఓములతో తేలిన పిమ్మటనే చేయవలెను. క్రొత్త కార్లు కొన్నింటిలో తాళముతో మేల్కొను తీగ స్టీరియో కడకు రానే రాదు. పెనవేసికొన్న రెండు సన్నని తీగలపై సంకేతములు మాత్రము ప్రయాణించును. చట్రముతో చూడగా అవి రెండున్నర వోల్టుల చుట్టుప్రక్కల చూపును. వానిని కత్తిరించినచో పాట మాట అటుంచి, కారే కదలకపోవచ్చును. అట్టి కారునకు తగిన అడాప్టరు కొనుటయే దారి. పెద్ద లారీలు అనేకము 24 వోల్టులవి. వానికి 12 వోల్టుల సెట్టును నేరుగా తగిలింపరాదు. తాతల నాటి ఇంగ్లీషు బండ్లను భద్రపరచుకొన్న వారికి ఇంకొక మాట: 1960ల నడుమ వరకు వానిలో చాల వానికి బ్యాటరీ ధనమే చట్రమునకు కట్టబడి యుండెడిది. మీటరు సంఖ్యకు ముందు ఋణపు గీత చూపినచో అచ్చట చేయి నిలుపవలెను.

కారులో సంగీతము క్రొత్త వేడుక యేమియు కాదు. అమెరికాలో గాల్విన్ సోదరులు 1930లోనే కార్లకు రేడియో అమర్చి మోటరోలా యని పేరు పెట్టిరి. 1963లో ఫిలిప్స్ సంస్థ క్యాసెట్టును తెచ్చెను. దాని వెనుకనే కార్లలోనికి టేపులు వచ్చినవి. కత్తిరించిన తీగల బాధయు ఆనాటి నుండియే యుండి యుండును. యూరపులో స్టీరియో వెనుకటి కప్లరులకు ఐఎస్‌ఓ 10487 అను ప్రమాణము నేర్పరచి, ఎనిమిదేసి గుంటలతో రెండు కప్లర్లను, ఒక్కొక్క గుంటకు ఒక్కొక్క పనిని నిర్ణయించిరి. అందులో 4వ గుంట నిరంతర కరెంటునకు, 7వది తాళపు కరెంటునకు, 8వది ఎర్తునకు. ఇంత చేసియు, కొందరు తయారీదారులు 4ను 7ను తారుమారు చేసిరి. ప్రమాణమున్నను మీటరు తప్పదు.

తీగలు తెలిసిన పిమ్మట కలుపు పని. పేలవముగా పురి పెట్టి టేపు చుట్టి వదలుట ఈ ప్రాంతమున ఎక్కువ. వేసవిలో, నిలిపిన కారు లోపల టేపు బంక కరగి జారును, గతుకుల బాటపై తీగలు కదలును, ఒకనాడు నిరంతర కరెంటు తీగ ఇనుమును తాకును. 12 వోల్టులు మనుష్యుని చంపజాలవని అందరును నిర్లక్ష్యము చేయుదురు. చంపునది వోల్టులు కావు, వేడి. బ్యాటరీ నేరుగా చట్రమునకు తగిలినపుడు వందలాది ఆంపియర్లు ప్రవహించును. సన్నని తీగ క్షణములో ఎర్రగా కాలి, దాని తొడుగు అంటుకొనును. దానికి అడ్డు ఫ్యూజు ఒక్కటే. పసుపు తీగకు సెట్టు తయారీదారు చెప్పిన ఫ్యూజు, సాధారణముగా 10 లేక 15 ఆంపియర్లది, ఉండి తీరవలెను. ఫ్యూజు పోయినపుడు దాని స్థానమున సిగరెట్టు పెట్టె వెండికాగితమును చుట్టువారు కలరు. ఫ్యూజు ఏల పోయినదో అడుగక దాని నోరు మూయించుట, ఇంటికి దొంగ వచ్చినాడని అరచిన కుక్కను కొట్టినట్లుండును. వృద్ధుడు ప్రతి అతుకును సోల్డరు చేసి, వేడికి ముడుచుకొను గొట్టమును తొడిగి, అన్నింటిని ఒక గుడ్డ టేపుతో కట్టగట్టి, ఎక్కడను పదునైన అంచును తాకకుండ చూచెను. ఒకటిన్నర గంట పట్టినది. కూలి అడుగగా, కాలిపోయిన సెట్టు వెలలో నాలుగవ వంతు కంటె తక్కువే చెప్పెను.

క్రొత్తగా కొన్న రెండవ సెట్టు వెలిగినది. ఎడమకు త్రిప్పగా ఎడమయే పలికినది, కుడికి త్రిప్పగా కుడియే. తాళము తీయగా ఆరినది. తాళము వేయగా ఆపిన చోటనే పాట మొదలైనది. వృద్ధుడు పాటను గూర్చి యేమియు అనలేదు గాని, తాళము తీసియుంచి బ్యాటరీ కొన వద్ద మీటరుతో కరెంటును కొలిచి, అది కొద్ది మిల్లీఆంపియర్లకు మించుట లేదని చూచిన పిమ్మటనే లేచెను.

పదునాలుగింటిలో పదుమూడింటికి లెక్క కుదిరినది: నిరంతరము ఒకటి, తాళము ఒకటి, దీపము ఒకటి, ఎర్తు ఒకటి, యాంటెన్నా ఒకటి, స్పీకర్లు ఎనిమిది. 5వ అంకె తీగ మాత్రము ఏ తాళపు మెట్టునను మేల్కొనలేదు, దీపములకు పలుకలేదు, రివర్సు గేరు వేసినను ఉలుకలేదు, చట్రమును తాకలేదు, ఎవరితోను జత కూడలేదు. అది వేగమును తెలుపు తీగయో, స్టీరింగుపై మీటలకు సంబంధించినదో కావచ్చునని వృద్ధు డనెను. చక్రములను లేపి త్రిప్పి చూడుమని యువకుడు వేడినను, సెట్టునకు అక్కర లేని దాని కొరకు బండిని లేపుట ఏల యని అతడు ఒప్పలేదు. దాని కొనను విడిగా మూసి, టేపు చుట్టెను. పిమ్మట యువకుని చేత ఒక కాగితముపై పదునాలుగు అంకెలను, వాని ఎదుట రంగులను, పనులను వ్రాయించి, ప్లాస్టికు సంచిలో పెట్టి, డ్యాష్‌బోర్డు వెనుకనే కట్టించెను. ఆ పట్టికలో 5వ అంకెకు ఎదుట "తెలియలేదు" అని వ్రాసి యున్నది.